తాటాకుల కట్ట: పుష్కరాల్లో గోదారికి ఇవ్వాలా, ఉంచాలా?

లంకగాలి:
కోనసీమలో పాత పెంకుటిల్లు విప్పుతుంటే అటక మీద తాటాకుల కట్ట ఒకటి బయటపడిందండి. సుమారు 140 ఆకులు, మూరకి కాస్త తక్కువ పొడుగు, రెండు వేళ్ల వెడల్పు. పై చెక్క ఉంది, కింది చెక్క లేదు. తాడు పుచ్చిపోయింది. మధ్యలో ఓ ఇరవై ఆకులు అట్టకట్టాయి. అక్కడక్కడా పురుగు బెజ్జాలు. కొన్నిటి మీద అక్షరాలు నల్లగా ఉన్నాయి, కొన్ని ఖాళీగా ఉన్నాయి.
ఇంట్లో పాడైతే దోషం, 2027 పుష్కరాల్లో గోదారిలో కలిపేద్దాం అంటోంది నాయనమ్మ. ఎవరికైనా అమ్మేద్దామంటున్నారు బాబాయ్. ఫొటో తీస్తే ఫోనే చదివేస్తుందంటున్నాడు తమ్ముడు. ఇంతకీ ఇవి ఎవరికైనా పనికొస్తాయా? మా వాళ్ల ముగ్గురికీ జవాబు చెప్పేలా రాయండి.

గంటం_మసి:
ముందు బాబాయ్ గారికి. 75 ఏళ్లు దాటిన, చారిత్రక లేదా సాహిత్య విలువ ఉన్న రాతప్రతి 1972 నాటి పురావస్తువుల చట్టం కిందకి వస్తుంది. లైసెన్సు లేనివాళ్లు ఆ వ్యాపారం చెయ్యకూడదు, దేశం దాటించడం అసలే కూడదు. ఊళ్లు తిరిగి పాత సామాన్లు కొనేవాళ్లకి చూపించకండి. వాళ్లు కట్ట విప్పి బొమ్మలున్న ఆకులు మాత్రం తీసుకుంటారు, మిగతావి ఎందుకూ కొరగాకుండా పోతాయి.

ఇక కట్ట సంగతి. పుచ్చిన తాడు తియ్యకముందే అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయండి. ఆకుల వరస ఒక్కసారి చెదిరితే మళ్లీ కూర్చడానికి నెలలు పడుతుంది. ఎండలో మాత్రం పెట్టొద్దు. ఎండకి తాటాకు పెళుసెక్కి ఈనె వెంబడి నిలువునా చీలుతుంది. నీడలో, గాలి ఆడే గదిలో, పాత నూలు పంచె మీద పరిచి నాలుగైదు రోజులు ఉంచండి. దుమ్ము దులపడానికి మెత్తటి పెయింటు బ్రష్షు చాలు, పొడుగు వైపే తుడవాలి. అడ్డంగా తుడిస్తే పురుగు తిన్న అంచులు రాలిపోతాయి.

బెజ్జాల దగ్గర సన్నటి పొడి రాలుతుంటే పురుగు ఇంకా బతికే ఉన్నట్టు. ఆకులు బాగా ఆరాక పాలిథిన్ సంచిలో గాలి తీసి సీలు చేసి, మైనస్ 18 డిగ్రీలు గానీ అంతకన్నా చల్లగా గానీ ఉండే ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచాలి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకూడదు. విప్పితే గాలిలోని తేమ చల్లటి ఆకు మీదే నీరుగా దిగుతుంది. (మన జిల్లాల్లో రొయ్యల కోల్డ్ స్టోరేజీలకి కొదవ లేదు గానీ, ఆ వాసనలో పెట్టకండి మహాప్రభో.)

అట్టకట్టిన ఆకుల మధ్యకి చాకు పోనివ్వొద్దు. మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో అడుగున తడి స్పాంజి, దానికి పైన ఎత్తుగా జాలీ, జాలీ మీద ఆకులు. నీళ్లు ఆకుకి తగలకూడదు. ఒకటి రెండు రోజుల్లో ఆకు మెత్తబడుతుంది. అప్పుడు పల్చటి వెదురు పుల్లతో మూల నుంచి మెల్లగా విడదీయాలి. బూజు కనిపిస్తే అక్కడే ఆగి, తెలిసినవాళ్ల చేతికివ్వండి.

ఖాళీగా ఉన్నవి ఖాళీవి కాకపోవచ్చు. గంటంతో (ఇనప కలంతో) గీసి మసి పూయకుండా వదిలేసిన ఆకులూ ఉంటాయి, మసి రాలిపోయినవీ ఉంటాయి. చీకటి గదిలో టార్చిలైటుని ఆకుకి దాదాపు ఆనించినట్టు పక్కనుంచి వేసి చూడండి. గీతల నీడ పడి అక్షరం లేస్తుంది. ఈ ఫొటోలు అయ్యాకే మిగతా పని. నిమ్మగడ్డి నూనెలో దీపం మసి కలిపి, దూది తడిసీ తడవనట్టు ముంచి ఆకు మీద రాసి, వెంటనే పొడి గుడ్డతో తుడిచేస్తే మసి గాట్లలో మాత్రం నిలుస్తుంది. రంగు బొమ్మలున్న ఆకు జోలికి పోవద్దు. కొబ్బరినూనె, కిరసనాయిలు, సెల్లోటేపు, లామినేషన్ ఏదీ వద్దు. చివరికి గంజి లేని నూలుగుడ్డలో, ఆకుకన్నా కాస్త పెద్ద చెక్కల మధ్య వదులుగా కట్టండి. బిగించి కడితే బెజ్జం దగ్గర ఆకు తెగుతుంది.

అటక_అక్షరం:
పనికొస్తాయా అన్నది లోపల ఏముందో తేలాక చెప్పాల్సిన మాట. ముందు అది పుస్తకమా, కవిలెనా (కరణం రాసే ఊరి లెక్కల కట్టా) చూడండి. ఆకు ఆ చివర నుంచి ఈ చివరకి వరసలు తెంపు లేకుండా సాగితే పుస్తకం. పేర్లు, వాటి పక్కన అంకెలు, గీతలు ఉంటే కరణం గారి కవిలె. లెక్కల్లో నిలువు గీత ఒకటి పావు, రెండు అర, మూడు ముప్పావు. అడ్డగీత ఒకటి వీసం, అంటే పదహారో వంతు. ధాన్యమైతే 20 తూములు ఒక పుట్టి. కుంచం కొలత మాత్రం ఊరూరికీ మారుతుంది, దాన్ని కిలోల్లోకి మార్చే తొందర వద్దు.

భాగవతం ప్రతి అయితే పెద్ద ఆవిష్కారమేమీ కాదు, అలాంటివి చాలానే ఉన్నాయి. పాఠాంతరాలు (ప్రతికీ ప్రతికీ మధ్య మాటల తేడాలు) చూసేవాళ్లకి పనికొస్తుంది. కవిలె అయితే ఇంకో ప్రతి ఉండదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టింది 1847-52లో. అంతకు ముందుదైతే, కాలవ నీళ్లు రాకముందు ఆ ఊళ్లో ఏ చేను మెట్ట, ఏది పల్లం, ఏ లంక ఏటి కోతకి పోయింది, ఎక్కడ మేట వేసిందన్నది మనుషుల పేర్లతో సహా ఉండొచ్చు. మీ భూమి తగాదా తీర్చే కాగితం అవుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి.

చదవడంలో చిక్కు ఎక్కడంటే, మాటల మధ్య ఖాళీ ఉండదు. చాలా ఆకుల్లో ఎ-ఏ, ఒ-ఓ తేడా చూపరు. అంటే ‘నెల’ అని రాసినా ‘నేల’ అని రాసినా ఒకేలా కనిపిస్తుంది. కవిలెలో ‘మూడు నెలలకు’ అని ఉంటే అది గడువా, మూడు చెక్కల భూమా? పక్కనున్న అంకె చూడాలి, ముందు ఆకులో ఆ రైతు పేరున ఏముందో చూడాలి. తమ్ముడి ఫోను అచ్చు అక్షరాలు చదవడం నేర్చుకుంది, ఈ సందిగ్ధం దానికి తట్టదు.

సర్క్యూట్_బోర్డు:
వాదన కోసం కాదు గానీ ఒక మాట. అన్నీ స్కాన్ చేసి హార్డ్ డిస్కులో పెట్టేస్తే సరిపోదా? ఎవరికి కావాలో వాళ్లు ఎప్పుడో చదువుకుంటారు. ఇది చదవడం కోసం ఒకడు బీఏ తెలుగు, ఎమ్మే తెలుగు చదవాలంటే ఈ రోజుల్లో జరిగే పనేనా? మా కాలేజీల్లో ఆ గ్రూపులే మూసేస్తున్నారు.

యతిస్థానం:
స్కాన్ చెయ్యాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ చదవగలిగేవాడు లేని స్కాన్, అటక మీది కట్ట, రెండూ ఒకటే. ఇంజనీరుకి అర్థమయ్యేలా చెబుతాను. డేటాలో తప్పు దొర్లితే పట్టుకోవడానికి మీరు చెక్‌సమ్ పెట్టుకుంటారు కదా, పద్యంలో ఆ పని ఛందస్సు చేస్తుంది.

ఉత్పలమాల తీసుకోండి. పాదానికి 20 అక్షరాలు, భ ర న భ భ ర వ గణాలు, పదో అక్షరం యతి. మీ ఆకులో ఒక పాదానికి 19 వచ్చాయనుకోండి, లేఖకుడు ఒకటి మింగాడన్నమాట. ఎక్కడ మింగాడు? మొదటి అక్షరంతో మైత్రి కుదిరే అక్షరం తొమ్మిదో చోట కనిపిస్తే తప్పు దానికి ముందే ఉంది. పదో చోటే ఉంటే తప్పు ఆ తర్వాత. రెండో అక్షరంగా ఉండాల్సిన ప్రాస మొదటి చోటికి జరిగిందా, పోయింది మొదటి అక్షరమే. ఆపైన గురులఘువులు పెట్టి చూస్తే పోయింది గురువో లఘువో కూడా తేలుతుంది. పైన చెప్పిన నెల-నేల చిక్కు కూడా పద్యంలో అయితే ఇలాగే విడిపోతుంది: నెల రెండు లఘువులు, నేల గురువూ లఘువూ. వచనానికీ కవిలెకీ ఈ వెసులుబాటు లేదు, అక్కడ చరిత్ర తెలిసినవాడే దిక్కు.

‘ఆర్ట్స్ గ్రూపు ఎందుకు’ అనేవాళ్లకి ఈ పని ఒక గంట చేయించి చూపిస్తే చాలు. సెంటిమెంటు కబుర్లు అక్కర్లేదు. అక్షరాలు లెక్కపెట్టే ప్రోగ్రాము మీరే రాయొచ్చు. పోయిన చోట ఏ మాట పడుతుందో చెప్పాలంటే ఆ కవి తక్కిన పద్యాలు, ఆ కాలపు మాటలు తెలిసుండాలి.

నేర్చుకోవాలంటే ఒక దారి ఉంది. గజేంద్రమోక్షం లాంటి కంఠతా వచ్చిన పాఠం ఉన్న తాటాకు ఫొటో సంపాదించండి. అందులోంచి అక్షరాలు ఒక్కొక్కటీ ఎత్తి రాసి పట్టీ తయారు చేసుకోండి. ఆ తర్వాతే మీ ఆకు. మొదట్లో ఒక్కో ఆకుకి పూటంతా పడుతుంది. పుస్తకమైతే చివరి ఆకు ముందు చూడండి: కవి పేరు గద్యలో (ముగింపు వచనంలో) ఉంటుంది, దాని కింద లేఖకుడి పేరు, ఊరు, రాసిన రోజు ఉండొచ్చు. ‘యాదృశం పుస్తకం దృష్ట్వా తాదృశం లిఖితం మయా’ అని కనిపిస్తే కంగారు పడకండి, చూసింది చూసినట్టు రాశాను, తప్పులుంటే నాది పూచీ కాదని లేఖకులంతా రాసుకునే మాటే అది.

లంకగాలి:
టార్చిలైటు పెట్టి చూశామండి! ఖాళీ అనుకున్న ఆకు మీద ‘వికారి నామ సంవత్సర’ అని వచ్చింది. నెల అరిగిపోయింది, ‘బ’ అని, పక్కన అంకె, ‘గురువారం’ కనిపిస్తున్నాయి. కింద పేర్లు, నిలువు గీతలు. నాయనమ్మే దగ్గరుండి టార్చి పట్టుకుంది.

అటక_అక్షరం:
అయితే కవిలే. శక సంవత్సరం వెయ్యలేదు కాబట్టి వికారి 1779 కావచ్చు, 1839 కావచ్చు, 1899 కావచ్చు. 1959 వదిలేయండి, అప్పటికి ఊళ్లలో లెక్కలన్నీ కాగితం మీదే. అరిగిన నెల పేరు ఇంకో కోణంలో టార్చి వేసి రాబట్టండి. ‘బ’ అంటే బహుళ పక్షం, అంకె తిథి. ఆ మూడు ఏళ్లలో ఆ నెల ఆ తిథి ఏ ఏడాది గురువారం పడిందో పంచాంగ గణితంతో చూస్తే, మామూలుగా ఒకటే మిగులుతుంది.

1839 అని తేలితే కార్తీక బహుళం తర్వాతి ఆకులు జాగ్రత్తగా చూడండి. ఆ నవంబరు 25న కాకినాడ దగ్గరి కోరంగి రేవుని ముంచిన ఉప్పెన వచ్చింది ఆ పక్షంలోనే. మీ ఊళ్లో శిస్తు తగ్గించారా, పేర్లు కొట్టేశారా, చేల పక్కన ‘ఉప్పు’ అని రాశారా చూడాలి. ఆ ఆకులకి అప్పుడే మసి పూయకండి.

కట్ట ఇంట్లో ఉంచలేకపోతే కాకినాడ ఆంధ్ర సాహిత్య పరిషత్తులో, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో తాళపత్రాలు ఉన్నాయి, అక్కడ అడగండి. ఇచ్చేటప్పుడు ఆకుల సంఖ్య, ఊరు పేరు, ఏ ఇంటి అటక మీద దొరికిందీ రాయించి రసీదు తీసుకోండి. ఏ ఊరిదో తెలియని కవిలెకి సగం విలువ పోయినట్టే. నాయనమ్మ గారికి పుష్కరాల్లో కలపడానికి ఏదో ఒకటి కావాలి కదా, ఆ పుచ్చిన తాడు ఇవ్వండి.