తిరుపతి ల్యాబ్‌కు డబ్ల్యూఆర్‌ఎఫ్ మెషీన్: 96 కోర్లా, 64 కోర్లా, 56 కోర్లా?

గాలివాన_తిరుపతి:
కాలేజీ ల్యాబ్‌కు ఒక మెషీన్ కావాల. ముఖ్యమైన పని డబ్ల్యూఆర్‌ఎఫ్ అనే వాతావరణ లెక్కల ప్రోగ్రాము. బయట 9 కి.మీ. గడుల డొమైన్ (లెక్కగట్టే ప్రాంతం), లోపల తిరుపతిని నడిమధ్యలో పెట్టి 3 కి.మీ. గడుల నెస్ట్ (లోపలి డొమైన్), 202×202 గడులు. చెన్నై, బెంగళూరు, కడప అన్నీ అందులోకి వచ్చేస్తాయి. 2021 నవంబరు వానలను మళ్లీ రన్ చేసి, శేషాచలం కొండలకు అటూ ఇటూ పడిన వానలో తేడా చూడాల. మెషీన్ ఖాళీగా ఉంటే ఓపెన్‌ఫోమ్ (గాలి, నీటి ప్రవాహాల లెక్కలు), కొంచెం బ్లెండర్ (3డీ బొమ్మలు). చేతిలో ఉన్న కొటేషన్లు (ఈపిక్, థ్రెడ్‌రిప్పర్ ఏఎండీ చిప్పులు, జియాన్ ఇంటెల్‌ది):
ఈపిక్ 9654, 96 కోర్లు, ర్యామ్ 4×64 జీబీ.
థ్రెడ్‌రిప్పర్ 7980ఎక్స్, 64 కోర్లు, ర్యామ్ 4×64 జీబీ.
జియాన్ డబ్ల్యూ9-3495ఎక్స్, 56 కోర్లు, ర్యామ్ 8×32 జీబీ.

అలిపిరి_అడ్మిన్:
మొదటి కొటేషన్ రాసినవాళ్లు కోర్లు చూశారు, ర్యామ్ చూడలేదు. 9654కు మెమరీ చానెళ్లు (చిప్పుకూ ర్యామ్‌కూ మధ్య దారులు) 12. స్టిక్‌లు నాలుగే పెడితే నాలుగు చానెళ్లే పనిచేస్తాయి. లెక్క ఇదీ: చానెల్‌కు 8 బైట్లు × 4800 (సెకనుకు మిలియన్ బదిలీలు) = 38.4 జీబీ/సె. పన్నెండూ నిండితే 460.8, నాలుగే ఉంటే 153.6. అదే 7980ఎక్స్‌లో నాలుగు చానెళ్లు 5200 వేగంతో 166.4 ఇస్తాయి. అంటే ఈ కొటేషన్ ప్రకారం కొంటే 96 కోర్ల మెషీన్ మెమరీలో థ్రెడ్‌రిప్పర్ కంటే వెనకబడుతుంది. 3495ఎక్స్ ఎనిమిది చానెళ్లతో 307.2.

డబ్ల్యూఆర్‌ఎఫ్, ఓపెన్‌ఫోమ్ రెండూ మెమరీని ఎడతెగకుండా తోడే ప్రోగ్రాములు. అందుకే జీబీ/సె.ను కోర్ల సంఖ్యతో భాగించి చూడండి. నిండుగా ర్యామ్ ఉన్న 9654కు 4.8, 3495ఎక్స్‌కు 5.5, 7980ఎక్స్‌కు 2.6. బ్లెండర్ సంగతి వేరు, దానికి కోర్లూ గడియార వేగమే ముఖ్యం. అయినా ఆ పనిని గ్రాఫిక్స్ కార్డుకు అప్పజెప్పడమే నయం.

గాదంకి_గాలి:
ర్యామ్ కంటే ముందు డొమైన్ చూడాల సామీ. డబ్ల్యూఆర్‌ఎఫ్‌లో అన్నిటికంటే చిన్న డొమైన్ కొలతలను (గడుల్లో) ఒక్కోటి 25తో భాగించి గుణిస్తే, వాడదగిన ప్రాసెస్‌ల గరిష్ఠ సంఖ్య వస్తాది. 202ను 25తో భాగిస్తే 8, 8×8 = 64. డొమైన్‌ను ముక్కలు చేసి ఒక్కో ప్రాసెస్‌కు ఒక్కోటి పంచుతారు. అంతకు మించి వేస్తే ఒక్కో ముక్క చిన్నదైపోయి, లెక్క చేసే సమయం కంటే పక్క ముక్కతో అంచులు మార్చుకునే సమయం ఎక్కువవతాది. ఈ నెస్ట్‌కు 96 కోర్లు దండగ.

ఇంకో చిక్కు ఉండాది. సంఖ్యకు మంచి కారణాంకాలు ఉండాల. 62 పెట్టినారంటే అది 2×31గా విడిపోతాది. 202ను 31తో భాగిస్తే ముక్కకు ఆరేడు గడులు, పదికి తక్కువ కాబట్టి ప్రోగ్రాం మొదట్లోనే ఆగిపోతాది. 48 (6×8), 56 (7×8), 60 (6×10), 64 (8×8) బాగుంటాయి.

అవుట్‌పుట్ రాసేటప్పుడు అన్ని కోర్లూ ఊరికే కాచుకోకుండా, నేమ్‌లిస్ట్ అనే సెట్టింగుల ఫైలులో ఐఓ క్విల్టింగ్‌కు (రాతపనిని విడి ప్రాసెస్‌లకు అప్పజెప్పడం) రెండు గ్రూపులు, గ్రూపుకు రెండు టాస్క్‌లు ఇవ్వండి. 60 లెక్కకు, 4 రాతకు, మొత్తం 64.

చిత్తూరు_క్యాష్:
64 అని తేలింది కాబట్టి ఈపిక్ 9554 చూడండి: 64 కోర్లు, బేస్ 3.1 గిగాహెర్ట్జ్, 256 ఎంబీ ఎల్3 (చిప్పులోని క్యాష్ మెమరీ), 360 వాట్లు. 9654 బేస్ 2.4. చానెళ్లు రెండింటికీ పన్నెండే, కాబట్టి 9554లో కోర్‌కు 7.2 జీబీ/సె. దక్కుతాయి. లైసెన్సు కోర్ల లెక్కన కట్టే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉంటే 9474ఎఫ్ ఇంకా మేలు: 48 కోర్లు, బేస్ 3.6, ఎల్3 అదే 256.

కొనేటప్పుడు ఎల్3 అంకెను 32తో భాగించండి. మామూలు జెన్ 4 చిప్పులో (ఈ ఈపిక్, థ్రెడ్‌రిప్పర్‌ల తరం) కోర్ల ముక్కలు ఎన్నో చాలావరకు తెలిసిపోతుంది. 9654లో 12, 9554లో 8. థ్రెడ్‌రిప్పర్ ప్రో 7945డబ్ల్యూఎక్స్, 7955డబ్ల్యూఎక్స్‌లలో 64 ఎంబీయే, అంటే రెండే ముక్కలు. బోర్డు మీద ఎనిమిది చానెళ్లు ఉన్నా ఆ రెండు ముక్కలు అంత డేటాను లాగలేవు. ‘ఎనిమిది చానెళ్లు’ అన్న మాట చూసి వీటిని కొంటే డబ్బు పోయినట్టే. ఎక్స్ అక్షరంతో ముగిసే పెద్ద క్యాష్ ఈపిక్ చిప్పులకు ఈ భాగహారం వర్తించదు.

తిరుచానూరు_జియాన్:
ఇంటెల్‌ను అంత తేలిగ్గా పక్కన పెట్టకండి. కొత్త జియాన్ 6980పీలో 128 కోర్లు, 12 చానెళ్లు. 6400 ర్యామ్‌తో 614.4, ఎంఆర్‌డిమ్ (ఇంకా వేగమైన ర్యామ్ రకం) 8800 పెడితే 844.8 జీబీ/సె. ఏఎంఎక్స్ (మాట్రిక్స్ లెక్కలను వేగంగా చేసే భాగం) ఉంది కనుక ఏఐ మోడళ్లకు పనికొస్తుంది. కానీ 500 వాట్లు, మీ ల్యాబ్‌కు అతి. 144 కోర్ల 6780ఈ జోలికి మాత్రం పోవద్దు. అందులో హైపర్‌థ్రెడింగ్ (ఒక కోర్‌పై రెండు థ్రెడ్లు) లేదు, ఏవీఎక్స్-512 (ఒకేసారి చాలా అంకెలను లెక్కించడం) లేదు. వెబ్ సర్వర్లకు, చిన్న చిన్న వర్చువల్ మెషీన్లకు అది చక్కటి చిప్పు, వాతావరణ లెక్కలకు కాదు.

రేణిగుంట_రెండర్:
బ్లెండర్‌తో పాటు విండోస్‌లో పాత ప్రోగ్రాములు ఏవైనా నడపాలంటే ఒక జాగ్రత్త. విండోస్ లాజికల్ ప్రాసెసర్లను 64కు ఒక గ్రూపుగా కడుతుంది. 64 కోర్లు, 128 థ్రెడ్లు అంటే రెండు గ్రూపులు. పాత ప్రోగ్రాము ఒక్క గ్రూపులోనే ఇరుక్కోవచ్చు, అప్పుడు టాస్క్ మేనేజర్‌లో వాడకం సగమే కనబడుతుంది. బయోస్‌లో ఎస్‌ఎంటీ (ఒక కోర్‌పై రెండు థ్రెడ్లు నడపడం) ఆపితే 64 ఒకే గ్రూపులో సరిపోతాయి. డబ్ల్యూఆర్‌ఎఫ్‌కు ఎలాగూ ఎస్‌ఎంటీ అక్కర్లేదు.

కపిలతీర్థం_కరెంట్:
మే నెల ఎండలు మరిచిపోకండి. 360 వాట్ల చిప్పు, పన్నెండు స్టిక్‌లు, ఫ్యాన్లు, డిస్కులు కలిపి గోడ దగ్గర సుమారు 600 వాట్లు అనుకోండి. రోజుకు 14.4 యూనిట్లు. అంత వేడీ గదిలోకే వస్తుంది, గంటకు 2050 బీటీయూ (వేడి కొలత). టన్ను ఏసీ 12,000 లాగుతుంది కాబట్టి ఒకటిన్నర టన్ను చాలు, కానీ ఒకే ఏసీని పగలూ రాత్రీ నడపొద్దు. రెండు పెట్టి టైమర్‌తో మార్చండి. కరెంటు పోయి వచ్చాక తనంతట తాను ఆన్ అయ్యే ఏసీయే తీసుకోండి. లేకపోతే అర్ధరాత్రి యూపీఎస్ మీద మెషీన్ నడుస్తూ ఉంటుంది, గది కాలిపోతుంటుంది.

యూపీఎస్ 2 కేవీఏ ఆన్‌లైన్ రకం. ఇంటి స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ ఈ పవర్ సప్లైలకు పనికిరాదు. 6 యాంపియర్ల సాకెట్ వద్దు, 16 యాంపియర్లది విడి లైనుతో వేయించండి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య 3 వోల్టులు దాటితే ముందు ఎర్తింగ్ బాగుచేయించాల.

పీలేరు_పాతసామాను:
సెకండ్‌హ్యాండ్ ఈపిక్ చవకగా దొరుకుతుంది. ఒకే ప్రశ్న అడగండి: ఏ కంపెనీ సర్వర్‌లోంచి తీశారు? కొన్ని తయారీదారుల బోర్డుల్లో ఒక్కసారి బూట్ అయితే చిప్పులోని ఫ్యూజులు ఆ కంపెనీకే తాళం వేసేస్తాయి. వేరే బోర్డులో అది బూట్ కాదు, ఆ తాళం తీసే దారి లేదు. వేరే కంపెనీ బోర్డు మీద బూట్ చేసి చూపించాకే డబ్బు ఇవ్వండి. ఇంజినీరింగ్ శాంపిల్ అని తెలిస్తే చవకైనా వద్దు, బయోస్ అప్‌డేట్ తర్వాత ఆగిపోవచ్చు.

అలిపిరి_అడ్మిన్:
బిగించేటప్పుడు: ర్యామ్ ఆర్‌డిమ్ (సర్వర్ రకం) మాత్రమే, మామూలు పీసీల్లో వాడే యూడిమ్ స్లాట్‌లో పట్టదు. హీట్ సింక్ మరలను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, టార్క్ స్క్రూడ్రైవర్‌తో బిగించండి. ఒత్తిడి ఒక పక్కకు ఒరిగితే ఒకటో రెండో మెమరీ చానెళ్లు మాయమవుతాయి. అప్పుడు స్టిక్ పోయిందనుకుని మార్చొద్దు, హీట్ సింక్ విప్పి చిప్పును మళ్లీ కూర్చోబెట్టండి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు మెమరీ ట్రైనింగ్‌కు చాలా నిమిషాలు పడుతుంది, తెర నల్లగానే ఉంటుంది. కంగారుపడి స్విచ్ ఆపొద్దు.

బయోస్‌లో ఎన్‌పీఎస్4 పెట్టండి. 9554 నాలుగు నోడ్లుగా, నోడ్‌కు 16 కోర్లు, 3 చానెళ్లుగా విడిపోతుంది. ఎంపీఐలో (ప్రాసెస్‌లను నడిపి, వాటి మధ్య డేటా మార్చే వ్యవస్థ) ఒక్కో ప్రాసెస్‌ను ఒక్కో కోర్‌కు కట్టేయండి, లేకపోతే అవి నోడ్లు మారి పక్క నోడ్ మెమరీ కోసం పరుగెడతాయి.

తర్వాత మెమరీ వేగం కొలిచే స్ట్రీమ్ పరీక్ష. అర్రే పరిమాణం ఎల్3కి కనీసం నాలుగింతలు ఉండాల. 256 ఎంబీకి 1024 ఎంబీ, అంటే 13.4 కోట్ల డబుల్‌లు. 20 కోట్లు పెట్టండి, కంపైల్‌లో ఎంసీమోడల్ మీడియం అనే ఆప్షన్ ఇవ్వండి, లేకపోతే లింకర్ ఎర్రర్ వస్తుంది. అందులో ట్రయాడ్ అనే కొలత అంకె 460లో ముప్పాతికకు బాగా తక్కువ వస్తే ఏదో చానెల్ పడుకుందని అర్థం. డీఎంఐడీకోడ్ కమాండ్‌లో (హార్డ్‌వేర్ వివరాలు చూపేది) పన్నెండు స్టిక్‌లూ 4800 దగ్గరే ఉన్నాయా చూడండి.

గాలివాన_తిరుపతి:
అర్థమైంది అన్నా. 9554, 12×32 జీబీ, విడి లైను, రెండు ఏసీలు. రేపు కొటేషన్ తిరగరాయిస్తా. రేపోమాపో లోపల 1 కి.మీ. నెస్ట్ కూడా వేయాలంటే?

గాదంకి_గాలి:
దాన్ని 202×202 కంటే చిన్నది చేయొద్దు, 60+4 లెక్క అట్లే నిలబడతాది. 1 కి.మీ.లో అది 200 కి.మీ. మేర, తిరుమల కొండా నెల్లూరు తీరమూ రెండూ పడతాయి.