టోల్ రోడ్డు మీదకి బండ్లు రాకపోతే ఆ నష్టం ఎవరు భరించాలి?

ప్రశ్న (కాంట్రాక్టు విభాగంలో కొత్తగా చేరాను):
ఓ పీపీపీ (ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్య) హైవేకి రిస్క్ పట్టిక, అంటే ఏ నష్టం ఎవరు భరించాలో చెప్పే పట్టిక, రాస్తున్నాం. భూసేకరణ ప్రభుత్వానిది, నిర్మాణం కంపెనీది అని రాసేశాం. ట్రాఫిక్ దగ్గర ఆగిపోయాం. టోల్ తీసుకునేది కంపెనీయే కాబట్టి ఆ రిస్కూ వాళ్లదే అంటున్నారు మా పైవాళ్లు. నాకు మనసొప్పడం లేదు. పెద్దలు చెప్పండి.

జవాబు (ఇరవై ఏళ్లుగా హైవే పనుల్లో ఉన్నాను):
మీ అనుమానం సరైనదేనండి. బండ్లు రావడం, రాకపోవడం కంపెనీ చేతిలో లేదు. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో టోల్ కట్టి వెళ్లే క్రాస్ సిటీ టన్నెల్‌కి రోజుకు సుమారు 90,000 వాహనాలని లెక్కేశారు. 2005లో తెరిస్తే వచ్చినవి దాదాపు మూడో వంతు. 2006 చివరికల్లా అది రిసీవర్ల చేతికి, అంటే అప్పుల వసూలు కోసం కంపెనీని స్వాధీనం చేసుకునేవాళ్ల చేతికి, పోయింది. ఎక్కువ ట్రాఫిక్ చూపించినవాళ్లకే బిడ్ దక్కుతుంటే అంచనాలు ఉబ్బక ఏమవుతాయి?

చిలీ 1998లో శాంటియాగో–వాల్పరైసో రోడ్డుకి టోల్ వసూలు గడువు ముందే బిగించలేదు. రాబోయే ఏళ్ల టోల్‌ని నేటి విలువలోకి మార్చి లెక్కేస్తే మొత్తం ఎంత రాబడి చాలో కంపెనీలని చెప్పమంది, తక్కువ అడిగినవాళ్లకి ఇచ్చింది. ఆ మొత్తం ముట్టిన రోజు ఒప్పందం తీరిపోతుంది. బండ్లు తగ్గితే గడువు సాగుతుంది. నాకు ఇది చాలా న్యాయంగా అనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
బాగుంది సార్. కానీ అప్పు ఎప్పటికి తీరుతుందో తెలియకపోతే బ్యాంకు ఒప్పుకుంటుందా?

జవాబు (అదే వ్యక్తి):
బ్యాంకులు గునుస్తాయి, నిజమే. భారత్‌లో 2016లో వచ్చిన హైబ్రిడ్ యాన్యుటీ అనే ఒప్పంద పద్ధతిలో ఆ బెంగ లేదు. వ్యయంలో 40 శాతం నిర్మాణం జరుగుతుండగానే ప్రభుత్వం ఇస్తుంది, మిగతాది తర్వాత వాయిదాల్లో. టోల్ ప్రభుత్వానిదే, ట్రాఫిక్ రిస్కూ దానిదే.

ఇంకో మాట. భూసేకరణ ప్రభుత్వానిది అని ఒక్క లైను రాసి వదిలేయకండి. నేను చేసిన ఓ పనిలో మధ్యలో 400 మీటర్లు కోర్టు స్టేలో పడింది. అటూ ఇటూ తారు వేసేశాం, మధ్యలో చదును చేసిన మట్టి మీద మోకాలెత్తు గడ్డి మొలిచింది. తారు పరిచే పేవర్ మిషను టార్పాలిన్ కప్పుకొని పద్నాలుగు నెలలు నిలబడింది. అడిగితే గడువు పొడిగిస్తామన్నారు. గడువిస్తే వడ్డీ ఆగుతుందా? కాబట్టి ఎంత శాతం భూమి ఏ తేదీకి అప్పగిస్తారు, ఆలస్యమైతే రోజుకు ఎంత చెల్లిస్తారు అన్నది అంకెల్లో రాయించండి. కరెంటు స్తంభాలు, నీటి పైపులు తరలించే ఖర్చు ఎవరిదో కూడా.

ప్రశ్న అడిగినవారు:
మా పట్టికలో ఆ గడి ఖాళీగా ఉంది సార్. రేపే పెడతాను.