సమస్య: కదలని యలలన్ని కదలిపోయె

నిర్వాహకుడు: ఛందస్సు ఆటవెలది. మనలో గోదావరి వాళ్లే ఎక్కువ కదా అని అలలిచ్చాను. నది మీదే రాయాలని లేదు.

పంటు ప్రయాణికుడు:
పంటు పక్కలందు పటముగ గీసిరి
నీలి రంగు తోడ నింపి యలలు
రేవు విడిచి పంటు రివ్వున సాగగా
కదలని యలలన్ని కదలిపోయె

యతి మాస్టారు: బొమ్మలోని అలలు! పూరణ చక్కగా కుదిరింది. కానీ గోదావరి మీద సఖినేటిపల్లి రేవులో జనాన్ని దాటించే పంటు రివ్వున పోవడం ఎవరు చూశారండీ?

పంటు ప్రయాణికుడు: ఆయ్, యతి కోసమేనండి.

కొత్త కలం:
ఫూరియరు విధాన పొట్లము విడదీయ
ఎత్తు మారకుండ నింత తిరిగె
దశలు, మరల కూర్చ దవ్వున నిలిచెను
కదలని యలలన్ని కదలిపోయె

ఇది క్వాంటం అలపొట్లం, అంటే కణం ఎక్కడ ఉండొచ్చో చెప్పే, ఒకచోట గుమిగూడిన అలల మూట. ఫూరియర్ పరివర్తనతో సాదా అలలుగా విడదీస్తే, అడ్డంకి లేని కణానికి ష్రోడింగర్ సమీకరణం (ఈ అలలు కాలంతో ఎలా మారతాయో చెప్పేది) ఒక్కో అల దశను, అంటే అల తన ఊపులో ఎక్కడుందో చెప్పే కోణాన్ని తిప్పుతుంది, అంతే. మళ్లీ కూడితే పొట్లం వేరే చోట ఉంటుంది.

యతి మాస్టారు: అబ్బాయ్, పాదం మొదట అచ్చు వదిలేశావు. "విడదీయ నెత్తు" అని కలుపు, యతి చెడదు.

లెక్కల పిచ్చి: "ఇంత" అంటే ఎంత? కిటుకంతా అక్కడే ఉంది. అన్నీ ఒకే మేర తిరిగితే పొట్లం అంగుళం కూడా కదలదు. ఒక్కో అల దాని ద్రవ్యవేగానికి (ద్రవ్యరాశి, వేగాల లబ్ధానికి) అనుపాతంగా తిరిగితే ఆకారం చెడకుండా జరుగుతుంది. నిజానికి తిరిగేది ద్రవ్యవేగం వర్గాన్ని బట్టి. అందుకే జరుగుతూనే వెడల్పవుతుంది. పైగా ఒక్కో అల శిఖరం నడుస్తూనే ఉంటుంది, మారనిది దాని ఎత్తు. నా సవరణ:

ఫూరియరు విధాన పొట్లము విడదీయ
నెత్తు మారకుండ నింతయైన
వేగవర్గమునకు వీలుగా దశ మారి
కదలని యలలన్ని కదలిపోయె

కొత్త కలం: బాగుందండి, కానీ నా "దవ్వున" పోయింది! మరి దారిలో కణానికి అడ్డుపడే స్థితిశక్తి గట్టు ఉంటే?

లెక్కల పిచ్చి: అప్పుడు ఎత్తులూ మారతాయి, సమస్యకే ఎసరు. కాలాన్ని చిన్న చిన్న అడుగులు చేసుకోవాలి. సగం అడుగు స్థితిశక్తి దశ తిప్పి, ఫూరియర్‌లోకి వెళ్లి పూర్తి అడుగు గతిశక్తి దశ తిప్పి, వెనక్కొచ్చి మిగతా సగం. ఫూరియర్ లెక్కకు 1965లో జేమ్స్ కూలీ, జాన్ టూకీ ప్రచురించిన వేగవంతమైన పద్ధతి వల్ల 1024 బిందువులకు 10 లక్షల పైచిలుకు గుణకారాల పని వేలల్లోకి దిగుతుంది. ఒక్కటే చిక్కు, ఈ లెక్కలో గ్రిడ్ (పొట్లాన్ని లెక్కగట్టే బిందువుల వరస) రెండు అంచులూ అతుక్కుని ఉంటాయి. అంతర్వేది దగ్గర సముద్రంలో కలిసిన పొట్లం ఎగువన ధవళేశ్వరం దగ్గర మళ్లీ తేలుతుంది. గ్రిడ్ పెద్దది తీసుకోండి.

నిర్వాహకుడు: వచ్చే వారం సమస్య దొరికింది: "కడలి గలిసి యేరు కట్ట చేరె".