ఆస్కార్ ఉత్తమ నటుడు: బ్రాడీపేటలో ఉంటున్నాం కాబట్టి బ్రాడీకేనా?

బ్రాడీపేట మాస్టారు | 25 ఫిబ్రవరి 2025

అందరికీ నమస్కారం. మాది గుంటూరు బ్రాడీపేట. అరండల్‌పేటలో ఉండే మా తోడల్లుడితో పందెం పడింది. నేను ఏడ్రియన్ బ్రాడీ అన్నా, పేరులో మన పేట ఉందిగదా అని మొదట వేళాకోళానికే. ఆయన తిమోతీ షాలమే అన్నాడు. ఓడినవాళ్ళు రెండిళ్ళకీ పెసరట్టు ఉప్మా తేవాలి. ఆస్కార్‌కి ముందు ఇచ్చే గోల్డెన్ గ్లోబ్, క్రిటిక్స్ ఛాయిస్, బాఫ్తా అవార్డులు మూడూ బ్రాడీకే వచ్చేసరికి కాలు మీద కాలేసుక్కూర్చున్నా. నిన్న పొద్దున హాలీవుడ్ నటుల సంఘం వాళ్ళ శాగ్ అవార్డు షాలమేకి వెళ్ళింది. వెంటనే ఫోను: "అన్నయ్యా, అల్లం చట్నీ ఎక్కువ కట్టించు."

నిజం చెప్పాలంటే నా మనసు ఈ ఇద్దరి మీదా లేదు. అయిదుగురిలో నేను చూసింది రేఫ్ ఫైన్స్ ఒక్కడినే, హైదరాబాద్‌లో మా అబ్బాయి తీసుకెళ్తే ‘కాంక్లేవ్’. అందులో ఆయన కార్డినలు, అంటే పోపు కిందుండే పెద్ద మతగురువు. సినిమా అంతా బిగబట్టుకుని తిరిగే ఆ మనిషి, చనిపోయిన పోపుగారి గది తలుపుకి వేసిన ముద్ర పగలగొట్టి లోపలికి వెళ్ళి అక్కడ ఏడుస్తాడు. అంతే. నాకు ఒక పాత తప్పు గుర్తొచ్చింది. చాలా ఏళ్ళ కిందట ఒక నాటక పరిషత్తులో (ఊరి పేరెందుకులెండి) ముగ్గురు న్యాయనిర్ణేతల్లో నేనొకణ్ణి. ఒక నాటికలో తాత వేషం. అరగంటసేపు మంచం మీద కూర్చుని కందికాయలు ఒలుస్తాడు. కూతురు ఇల్లు అమ్మేశానని చెప్పినప్పుడు ఆ చెయ్యి ఆగుతుంది, మళ్ళీ ఒలుస్తుంది. మేం ఉత్తమ నటుడు ఎవరికిచ్చాం? ఇంకో నాటికలో తాగి అరిచినాయనకి. ఈలలు అక్కడ పడ్డాయి మరి.

ఇంతకీ మిగతా సినిమాలు చూసినవాళ్ళు చెప్పండి, నా పెసరట్టు వస్తుందా పోతుందా?

కొత్తపేట కుర్రాడు, ప్రస్తుతం న్యూజెర్సీ

మాస్టారూ, ఆ ఇద్దరి సినిమాలూ చూశానండీ. ‘ఎ కంప్లీట్ అన్‌నోన్’లో షాలమే వేషం అమెరికా గాయకుడు బాబ్ డిలన్‌ది. ఆ పాటలు తనే పాడాడు, గిటారు, హార్మోనికా తనే వాయించాడు, అదీ షూటింగులోనే. అనుకరణ అనిపించదు, కానీ లోపల ఏముందో ఆ కుర్రాడు చివరిదాకా బయటపెట్టడు. డిలనే అలాంటివాడు కాబట్టి దాన్ని తప్పనలేం. ‘ది బ్రూటలిస్ట్’లో బ్రాడీ యూదుల మారణకాండ నుంచి బతికి అమెరికా చేరిన హంగరీ ఆర్కిటెక్టు. మూడున్నర గంటలు, మధ్యలో 15 నిమిషాలు ఇంటర్వెల్! అమెరికా హాల్లో ఇంటర్వెల్ పడేసరికి అలవాటుకొద్దీ సమోసా కోసం లేచా, దొరకలేదనుకోండి. పందెం మీదే.

మీరు వదిలేసిన మనిషి ఒకడున్నాడు, కోల్మన్ డొమింగో. అతని సినిమా ‘సింగ్ సింగ్’, ఆ పేరున్న జైల్లో ఖైదీలు నాటకం వేసే కథ. అతని పక్కన చాలామంది నిజంగా ఆ జైల్లో శిక్ష అనుభవించి, అక్కడే నాటకాలు వేసినవాళ్ళు. పరిషత్తు మనిషి మీరు, తప్పక చూడండి.

లెక్కల లక్ష్మి

బాబాయిగారూ, శాగ్ చూసి కంగారుపడకండి. ఆస్కార్ ఓటింగు ఫిబ్రవరి 18నే ముగిసింది. శాగ్ ఇచ్చింది 23న. అది చూసి మనసు మార్చుకోడానికి ఎవరి చేతిలోనూ ఓటు లేదు. పైగా శాగ్‌లో ఓటర్లు లక్ష పైచిలుకు, ఆస్కార్‌కి దాదాపు 10,000. ఉత్తమ చిత్రానికైతే ర్యాంకులు వేయాలి గానీ నటుడికి ఎక్కువ ఓట్లు ఎవరికొస్తే వాళ్ళదే. అయిదో ఆయన సెబాస్టియన్ స్టాన్ కుర్ర ట్రంప్‌గా బాగా చేశాడన్నా నా లెక్కలోకి రాడు.

ఇంకో తమాషా: ఈ అవార్డు అందుకున్నవాళ్ళలో అందరికన్నా చిన్నవాడు బ్రాడీయే, ‘ది పియానిస్ట్’కి, 29 ఏళ్ళకి. షాలమేకీ ఇప్పుడు 29, అప్పటి బ్రాడీకన్నా నెలల్లో ఇంకా చిన్న. గెలిస్తే బ్రాడీ రికార్డే పోతుంది.

డబ్బింగ్ బాబు

అదంతా సరేగానీ, ‘ది బ్రూటలిస్ట్’లో బ్రాడీ హంగేరియన్ మాటల్ని ఏఐతో దిద్దారని ఆ సినిమా ఎడిటరే చెప్పాడుగా! వేరేవాళ్ళు డబ్బింగు చెప్పిన హీరోకి ఉత్తమ నటుడు ఇస్తే మనం ఊరుకుంటామా?

బ్రాడీపేట మాస్టారు

బాబూ, మంచి ప్రశ్న. నా మార్కుల కాగితం మీద ఆంగికం (ఒంటి కదలిక), వాచికం (మాట), ఆహార్యం (వేషం), సాత్వికం (లోపలి భావం) అని నాలుగు గళ్ళుండేవి. వాచికంలో ఒకటో రెండో కోస్తా, సున్నా వెయ్యను. దిద్దింది హంగేరియన్ మాటలవరకే, ఇంగ్లిషులో ఆ యాస అతనిదే. వాళ్ళమ్మ బుడాపెస్టులో పుట్టి 1956 తిరుగుబాటు తర్వాత దేశం వదిలొచ్చినావిడ. ఇంట్లో విన్న యాస అది.

లక్ష్మమ్మా, నీ 18వ తేదీ ముక్క తోడల్లుడికి చదివి వినిపించా. ఫోను పెట్టేశాడు.

బ్రాడీపేట మాస్టారు | 3 మార్చి 2025

పొద్దున అయిదున్నర నుంచి టీవీ ముందే. బ్రాడీ! అయిదు నిమిషాలు దాటినా ప్రసంగం ఆపడే, సంగీతం మొదలెడితే అదే ఆపమన్నాడు. మా పరిషత్తులో అయితే తెర దించేసేవాళ్ళు. పెసరట్లు వచ్చాయి. అల్లం చట్నీ మాత్రం కట్టించలేదు, అడిగితే "అది షాలమే గెలిస్తే అన్నా" అంటాడు.