మంచె మీద నుంచి విల్లుతో జింక వేట: సాయంత్రం గాలి గురించి సలహా కావాలి

అందరికీ నమస్కారం. అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఉంటున్నాను. ఇక్కడ విల్లు సీజన్ సెప్టెంబరు మధ్యలో మొదలవుతుంది. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేసి, లైసెన్స్ తీసుకుని ఈ ఏడాదే మొదలుపెట్టాను. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింక వేట నేరం కాబట్టి ఇంటి దగ్గర అడగడానికి ఎవరూ లేరు.

వైట్ ఓక్ చెట్ల మధ్య 18 అడుగుల ఎత్తులో మంచె కట్టాను. కాయలు రాలుతున్నాయి, వాటి కోసం తెల్లతోక జింకలు వస్తున్నాయి. మొన్న పొద్దు వాలాక ఒక ఆడజింక 20 గజాల దాకా వచ్చింది. నేనింకా విల్లు లాగనే లేదు. అది ఆగి, తలెత్తి, ముందు కాలు రెండుసార్లు నేలకేసి కొట్టింది. ముక్కుతో బుస్సుమని ఊది, తోక లేపి ఒక్క గెంతులో మాయమైంది. అప్పటిదాకా గాలి నా ముఖానికే కొడుతోంది.

సాయంత్రం చల్లబడ్డ గాలి పల్లానికి జారుతుందంటారు కదా. మంచెకు దిగువన వాగు ఉంది, జింక వచ్చింది అటు నుంచే. నా వాసన కిందికి దిగిందంటారా, లేక నా కదలిక చూసిందా? మంచెను ఇప్పుడే వాగు పక్కకి మార్చాలా, లేక ఆ చోటుని కొన్ని రోజులు వదిలేయాలా?

ఇంకోటి, నాకు ఎక్కువ టెన్షన్ దీని గురించే. ఇంకా వేడిగా ఉంది, మాంసం త్వరగా పాడవుతుంది. చీకటి పడే ముందు బాణం తగిలితే ఎంతసేపు ఆగి రక్తపు జాడ వెతకాలి? తొందరపడి వెళ్తే గాయపడ్డ జింక లేచి దూరం పోతుందని భయం. అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.