మొదటిది ఆపరేషన్, రెండోది నార్మల్‌కి ప్రయత్నించొచ్చా? మన శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్లు చెప్పండి

నరసన్నపేట కోడలు:
అందరికీ నమస్తే. నాకిప్పుడు 33వ వారం. పెద్దోడు 2022 జూన్‌లో పుట్టాడు. అప్పుడు ఎదురుకాళ్లతో ఉన్నాడని నొప్పులు రాకముందే తేదీ చెప్పి ఆపరేషన్ చేసేశారు. అంచేత పురిటినొప్పి ఎలా ఉంటుందో నాకిప్పటికీ తెలీదు. కుట్ల నొప్పి మాత్రం బాగా తెలుసు. ఊడుపుల టైములో ఇంట్లో అందరూ పొలానికి పోతే, పిల్లాడిని ఉయ్యాల్లోంచి తీయడానికి పక్కింటి పిన్నిని కేకేసేదాన్ని.

ఈసారి తల కిందకే ఉందని స్కాన్‌లో చెప్పారు. నేను చూపించుకునే మేడమ్‌గారిని నార్మల్ సంగతి అడిగితే, పూర్తిగా వినకుండానే "ఒకసారి సిజేరియన్ అయితే మళ్లీ సిజేరియనే అమ్మా" అనేశారు. మా అత్తయ్య అప్పుడే పంతులుగారి చేత ముహూర్తం రాయించుకొచ్చింది. మా అమ్మేమో "నలుగుర్ని ఇంట్లోనే కన్నాను, నీకేటయ్యిందే? నొప్పులు రానీ, అదే అయిపోద్ది" అంటాది. మా ఆయన విశాఖలో పని, ఫోన్ చేస్తే "నీ ఇష్టం" అంటారు. అదేం సాయమో మరి.

లోపల కుట్టు విడిపోతుందని వీధిలో అందరూ భయపెడుతున్నారు. నిజమేనా? మీలో ఎవరైనా ప్రయత్నించారా?

రాజాం అప్ప:
నాకయ్యింది చెల్లీ. పెద్దది 2017లో ఆపరేషన్, చిన్నది 2021లో నార్మల్. అడిగినవాళ్లకల్లా ఒకటే చెప్తాను, ఊళ్లో ఉండి నొప్పుల కోసం ఎదురుచూడకు. నేను 38వ వారం రాగానే సంచి సర్దుకుని విజయనగరంలో మా మేనత్త ఇంటికెళ్లిపోయాను. ఆసుపత్రికి ఆటోలో పది నిమిషాలు. పాపం ఆవిడ రోజూ నా ముఖం చూసి "ఇయ్యాలేనేటే?" అని అడిగేది.

రాత్రి మొదలైతే మర్నాడు మధ్యాహ్నానికి పుట్టింది. పొట్టకి బెల్టు కట్టేసి బిడ్డ గుండె చూస్తూనే ఉన్నారు. కింద కుట్లు పడ్డాయి, నార్మలంటే కుట్లే ఉండవనుకోకు. కానీ మూడో రోజు నా బట్టలు నేనే ఉతుక్కున్నాను. మా అమ్మ చూసి తిట్టింది, అది వేరే కథ.

లేబర్‌రూమ్ సిస్టర్:
నేను స్టాఫ్ నర్సుని. నాకు తెలిసింది చెప్తాను, నీ డాక్టర్ మాటకి బదులు కాదు.

మొదటిసారి ఎదురుకాళ్లు కాబట్టి ఆపరేషన్ అయ్యింది. ఈసారి ఆ కారణం లేదు, అది నీకు మంచిదే. ఒక్క సిజేరియన్ అయి, నార్మల్‌కి ప్రయత్నించిన 100 మందిలో సుమారు 70 నుంచి 75 మందికి అవుతుంది. మిగతావాళ్లకి మధ్యలో ఆపరేషనే. గర్భసంచి కుట్టు విడిపోవడం 200 మందిలో ఒకరికి. తక్కువే. కానీ ఆ ఒక్కరికి నిమిషాలే లెక్క, తల్లికీ బిడ్డకీ ప్రమాదం.

పాత డిశ్చార్జ్ సమ్మరీ వెతుకు. పొట్ట మీద అడ్డకోత ఉన్నంత మాత్రాన లోపల గర్భసంచి మీద కూడా అడ్డంగానే కోశారని చెప్పలేం. లోపల కింది భాగంలో అడ్డంగా ఉంటేనే ప్రయత్నం. నిలువుగా పైదాకా ఉంటే ఆ ఆలోచనే వద్దు.

ఆసుపత్రిలో అడగాల్సింది "నార్మల్ చేస్తారా" అని కాదు. "రాత్రి 2 గంటలకి ఆపరేషన్ చేయాల్సొస్తే మత్తు డాక్టరు ఇక్కడే ఉంటారా, ఫోన్ చేస్తే వస్తారా? రక్తం ఎక్కడినుంచి?" అని అడుగు. చాలా చిన్న ఆసుపత్రులు వద్దనేది దీనివల్లే. మీ మేడమ్‌గారు కూడా అందుకే అన్నారేమో, కోప్పడకు. కాకపోతే కారణం చెప్పి ఉండాల్సింది.

నొప్పులు రావడానికని ఎవరైనా బిళ్ల ఇస్తే "నాకు పాత సిజేరియన్ ఉంది" అని గట్టిగా చెప్పు. మిసోప్రోస్టాల్ నీలాంటివాళ్లకి వాడకూడదు. నొప్పి నొప్పికీ మధ్య కూడా కుట్టు దగ్గర తగ్గకుండా మండుతున్నా, రక్తం పోతున్నా వెంటనే పిలువు. ఇంట్లో ఉంటే 108.

బొబ్బిలి వీణ:
నేను కాని బాపతు. ప్రయత్నించాను, గర్భసంచి నోరు 9 సెంటీమీటర్లు తెరుచుకుని అక్కడే ఆగిపోయింది. బిడ్డ గుండె తగ్గుతోందని పరుగున తీసుకెళ్లారు. సంతకం కోసం మా ఆయన్ని వెతుకుతుంటే ఆయన కింద టీ కొట్టు దగ్గర. బాబు బాగానే ఉన్నాడు. నాకు మాత్రం కుట్టు చీము పట్టి నెలన్నర డ్రెస్సింగులు. నొప్పులూ పడ్డాను, కోతా పడ్డాను. ముందే తేదీ పెట్టించుకుని ఉంటే ఇంత నలిగేదాన్ని కాదేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది. నిన్ను వద్దనడానికి కాదు. ఇలాగూ అవుతుందని నాకెవరూ ముందు చెప్పలేదు, అందుకు రాస్తున్నాను.

లేబర్‌రూమ్ సిస్టర్:
వీణ చెప్పింది నిజం. నొప్పులు పడి మధ్యలో ఆపరేషన్ అయితే, ముందే తేదీ పెట్టుకుని చేయించుకున్నదాని కన్నా ఇబ్బందులు ఎక్కువ. అలాగని ఆపరేషన్ల మీద ఆపరేషన్లయితే, తర్వాతి కాన్పుల్లో మాయ పాత కుట్టుకి అతుక్కుపోయే ప్రమాదం పెరుగుతుంది. ఇంకా పిల్లలు కావాలా, ఇద్దరితో ఆపేస్తారా? అది కూడా డాక్టరుకి చెప్పు. అన్నట్టు, ముహూర్తం ఏ వారంలో పడింది?

నరసన్నపేట కోడలు:
సిస్టర్, లెక్కేస్తే 37 వారాల 3 రోజులు!

లేబర్‌రూమ్ సిస్టర్:
ఓలమ్మో. వేరే ఇబ్బందేం లేకపోతే 39 వారాలు నిండాకే పెట్టమని అడుగు. ముందే తీస్తే బిడ్డకి ఊపిరి ఇబ్బందులు రావొచ్చు. అత్తయ్యగారికి 39 దాటాక ఇంకో ముహూర్తం రాయించమని చెప్పు, ఆవిడ మాటా పోదు.

నరసన్నపేట కోడలు:
రెండు రోజులు వెతికితే సమ్మరీ దొరికింది. రేషన్‌కార్డు కవర్లో ఉంది. "కింది భాగం, అడ్డకోత" అనే రాశారు. అత్తయ్యకి 37 వారాల సంగతి చెప్తే కాసేపు మాట్లాడలేదు, తర్వాత "పంతులుగారికి వారాలు సెప్పలేదు మరి" అంది. సోమవారం మా ఆయన సెలవు పెట్టి వస్తున్నారు. శ్రీకాకుళంలో పెద్దాసుపత్రికెళ్లి మత్తు డాక్టరు సంగతీ, రక్తం సంగతీ అడుగుతాం. నాది బి నెగటివ్, అది ముందే చెప్పాలి కదా? వాళ్లు సరే అంటే ప్రయత్నిస్తాను, కాదంటే 39కి తేదీ. వీణక్కా, సంతకాల రోజు మా ఆయన్ని టీ కొట్టు వైపు పోనివ్వను.

శ్రీకాకుళంలో ఆసుపత్రికి దగ్గరలో నెల రోజులకి గది ఎవరైనా ఇస్తారా? మెట్లు లేనిది.