స్టెప్నీ తప్పు ఇంగ్లీషా, పాత ఇంగ్లీషా?

కొత్తబండి: మొన్న ఇంగ్లండ్‌లో అద్దె కారు తీసుకుంటూ "స్టెప్నీ ఉందా?" అని అడిగాను. కౌంటర్లో అమ్మాయి వెర్రిమొహం వేసింది. మా బావమరిది "స్పేర్ వీల్ అనాలి బావా, మనది బట్లర్ ఇంగ్లీషు" అని ఒకటే నవ్వు. అది నిజంగా ఇంగ్లీషు మాట కాదా? డిక్కీ, ఉత్తరాల్లో రాసే 'డూ ద నీడ్‌ఫుల్' (చేయవలసింది చేయండి) కూడా అంతేనా?

పాతసామాను: నిక్షేపంలాంటి ఇంగ్లీషు మాట. 1904 ప్రాంతంలో వేల్స్‌లోని లనెల్లి ఊళ్లో, స్టెప్నీ స్ట్రీట్‌లో డేవిస్ సోదరులు చేసిన సరుకది. అప్పట్లో కార్లకి అదనపు చక్రం ఇచ్చేవారు కాదు. పంచరైతే నడిరోడ్డు మీద టైరు విప్పుకుని కూర్చోవాల్సిందే. వీళ్లు ఊచల్లేని రిమ్ముకి గాలి నింపిన టైరు తొడిగి అమ్మారు. పాడైన చక్రాన్ని ఊడదీయకుండా దాని మీదే బిగించుకుని ఇల్లు చేరొచ్చు. తర్వాత కారుతోపాటే స్పేర్ రావడం మొదలైంది, అక్కడ సరుకూ పోయింది, మాటా పోయింది. మన మెకానిక్ షెడ్లలో మిగిలింది. డిక్కీ కూడా ఇంగ్లీషువాళ్ల మాటే. గుర్రబ్బండి వెనక నౌకరు కూర్చునే సీటు, ఆ తర్వాత కారు వెనక మడత సీటు.

కామా_ఫుల్‌స్టాప్: స్టెప్నీ లండన్‌లో ఒక పేట. ఎవరికైనా తెలుసు.

పాతసామాను: లండన్‌లోనూ ఉంది, కాదన్లేదు. చక్రం మాత్రం లనెల్లిది.

కామా_ఫుల్‌స్టాప్: సరే, ఎక్కడిదైనా కానీండి. పాతదైతే ఒప్పయిపోతుందా? 'నైస్' అంటే ఒకప్పుడు తెలివితక్కువవాడు అని. 'ఏమీ తెలియని' అనే లాటిన్ మాట నుంచి వచ్చింది. రేపు మీ ఆఫీసరుని ఆ అర్థంలో నైస్ అని చూడండి.

పాతసామాను: మీరు రెండు సంగతులు కలిపేస్తున్నారు. నైస్ బతికే ఉంది, అర్థం మారింది. స్టెప్నీకి అర్థం మారలేదు, అదే చక్రం. ఒక ఊళ్లో వాడకం పోయింది, ఇంకో ఊళ్లో ఉంది. అర్థం మారడమంటే మన 'కంపు' లాంటిది. పాత కావ్యాల్లో అది సువాసన. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో 'మీట్' అంటే ఏ తిండైనా సరే. దేవుడు మొక్కల్ని, పళ్లని మనిషికి 'మీట్'గా ఇచ్చాడని ఆదికాండంలోనే ఉంటుంది.

వంకాయకూర: రాముడు నారచీర కట్టాడంటే మా పాప పడీపడీ నవ్వింది. చీరంటే అప్పట్లో బట్ట అని చెప్పేసరికి అరగంట పట్టింది.

కామా_ఫుల్‌స్టాప్: లండన్ స్టెప్నీ సంగతి మీరు పూర్తిగా తేల్చలేదు.

పాతసామాను: అయ్యా, లనెల్లిలో స్టెప్నీ అనే జమీందారీ కుటుంబం ఉండేది. వీధికి ఆ పేరు. ఇక వదిలేద్దామా?

గట్టుమీద: 'డూ ద నీడ్‌ఫుల్' సంగతి ఎవరూ ఎత్తరేం?

కామా_ఫుల్‌స్టాప్: ఎత్తుతా. మా దగ్గర ఇంటర్వ్యూలకి తయారయ్యే పిల్లల చేత ముందు కొట్టేయించేది అదే. గుమాస్తా ఇంగ్లీషు.

పాతసామాను: గుమాస్తా అంటే తిట్టా? బ్రిటన్ వర్తకులు 18, 19 శతాబ్దాల్లో ఉత్తరాల్లో రాసుకున్న మాటే అది. వాళ్లు నేర్పారు, మనం నేర్చుకున్నాం. మా నాన్న తాలూకాఫీసులో ముప్పై ఏళ్లు గుమాస్తా. ఆయన రాసిన అర్జీలతో ఎంతమందికి పింఛన్లు వచ్చాయో నాకు తెలుసు. ప్రతి దాని చివరా ఆ మాటే. ఆయన పోయాక ఒక ఉత్తరం ఫొటో తీసి కుటుంబం గ్రూపులో పెడితే, మా అల్లుడు నవ్వే బొమ్మలు పెట్టాడు. మీ క్లాసుల్లో చదివినవాడే అయ్యుంటాడు.

కామా_ఫుల్‌స్టాప్: మాస్టారూ, హద్దు దాటుతున్నారు. మీ అల్లుణ్ణి నా నెత్తిన రుద్దకండి. నా మొదటి ఉద్యోగంలో నేనూ అదే రాశాను. అవతలి దేశం క్లయింటు మీటింగులో పైకి చదివాడు, అందరూ నవ్వారు, మా మేనేజరు అందరికంటే ఎక్కువ. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా పిల్లలకి ఆ గతి పట్టకూడదనే కొట్టేయిస్తున్నాను. మాట పుట్టుక నాకెందుకు?

పాతసామాను: నవ్వినవాణ్ణి వదిలేసి రాసినవాడి చేతిలో కలం లాక్కుంటే ఎలాగండీ?

కామా_ఫుల్‌స్టాప్: ఉద్యోగం ఇచ్చేది నవ్వేవాడే కదండీ.

వంకాయకూర: ఇద్దరూ కాస్త నీళ్లు తాగండి.

పాతసామాను: పిల్లలకి కొట్టేయించండి, కాదనను. అది తప్పు అని మాత్రం చెప్పకండి. ఇప్పుడు అక్కడ వాడట్లేదు అని చెప్పండి.

కామా_ఫుల్‌స్టాప్: గంట క్లాసులో అంత తేడా వివరించే టైమ్ ఉండదు. చూస్తాను. లండన్ సంగతి మాత్రం నేను ఒప్పుకోను.

కొత్తబండి: ఇంతకీ కారు డిక్కీ తెరిచి చూస్తే చక్రమే లేదండీ. ఒక జిగురు సీసా, గాలి కొట్టే చిన్న మోటారు పెట్టారు. ఇందాకే పంచరైంది. రోడ్డు పక్కన కూర్చునే ఇది రాస్తున్నా.